రాయి కోసం వేసిన దారి

పాఠకుల ప్రశ్నలు - పాత గార్డు జవాబులు

కిందటి నెల అరకు బండి గురించి ఓ నాలుగు ముక్కలు రాశాను. ఆ పాపానికి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ముప్పావు వంతు దాని మీదే. కొన్ని మెచ్చుకోళ్లు, ఎక్కువ ఫిర్యాదులు. నేను రిటైరై చాలాకాలమైందని, ఇప్పుడు బండి ఆలస్యమైతే నన్ను తిట్టి లాభం లేదని ముందే మనవి చేసుకుంటున్నాను. 34 ఏళ్ల సర్వీసులో సగానికి పైగా ఆ ఘాట్‌లోనే గూడ్సు బండి చివరుండే బ్రేక్‌వ్యాన్‌లో కూర్చున్నవాణ్ని కాబట్టి, తెలిసింది చెబుతాను.

ప్రశ్న: గార్డు గారూ, నమస్కారం. సంక్రాంతి సెలవులకి పిల్లల్ని తీసుకుని అద్దాల కోచ్‌లో అరకు వెళ్లాం. టికెట్లు తీసిన ఏజెంటు "టూరిస్టు ట్రైనండీ, ఎక్కడా ఆగదు" అన్నాడు. తీరా చూస్తే ఘాట్‌లో ఒక బుల్లి స్టేషన్‌లో నలభై నిమిషాలు నిలబెట్టేశారు. పిల్లలు ఒకటే గోల. చివరికి పక్క లైన్లోంచి ఎర్రటి గూడ్సొకటి తాపీగా దిగింది, అప్పుడు మమ్మల్ని వదిలారు. అంత డబ్బు పెట్టి కొనుక్కున్న మనుషుల కన్నా ఆ మట్టి బండి ఎక్కువా? - ఒక గృహిణి, గాజువాక

జవాబు: ఆ దారిలో ఎక్కువే తల్లీ. కోపం తెచ్చుకోకుండా వినండి.

ఛత్తీస్‌గఢ్‌లో, దంతెవాడ దాటాక బైలాడిలా అని కొండలున్నాయి. దూరం నుంచి చూస్తే ఎద్దు మూపురంలా కనిపిస్తాయని ఆ పేరు. ఆ మూపురం నిండా ఇనుప రాయి, అదీ మేలురకం. యుద్ధంలో చితికిపోయి మళ్లీ ఉక్కు ఫ్యాక్టరీలు లేపుకుంటున్న జపానుకి రాయి కావాలి. మనకేమో విదేశీ డబ్బు కావాలి. 1960లో బేరం కుదిరింది. బైలాడిలా నుంచి ఏటా 40 లక్షల టన్నులు, అటు బీహారు-ఒడిశా సరిహద్దులోని కిరిబురు నుంచి ఇంకో 20 లక్షల టన్నులు ఇస్తామన్నారు. సరే, రాయి కొండ మీదుంది, ఓడ విశాఖలో ఉంది, మధ్యలో తూర్పు కనుమలు అడ్డం. అందుకని దండకారణ్యం, బొలాంగీర్, కిరిబురు అనే మూడు పేర్ల పొడి అక్షరాలు కలిపి డీబీకే ప్రాజెక్టు అని పెట్టి కొత్త లైన్లు వేశారు. మన వాటాకి వచ్చింది కొత్తవలస నుంచి కిరండూల్ దాకా సుమారు 445 కిలోమీటర్లు. మేం కేకే లైన్ అంటాం. 1960ల చివరికల్లా రాయి దిగడం మొదలైంది. ఇంకా పెద్ద ఓడలు రావాలని విశాఖలో ఔటర్ హార్బర్ కట్టారు, అది 1976లో తెరిచారు. ఇంత హంగామాలో అరకు అందం గురించి ఎవరైనా ఒక్క మాట అనుకుని ఉంటారని నేను అనుకోను.

మరి ప్యాసింజరు బండో? పట్టాలు ఎలాగూ ఉన్నాయి, కొండల్లో జనానికి వేరే దారి లేదు, ఒక బండి వేశారు. మేం దాన్ని విశాఖ, కిరండూల్ పొడి అక్షరాలతో "వన్ వీకే" అనేవాళ్లం. కూరగాయల గంపలు, కోళ్లు, సంతకి వెళ్లే ఆడవాళ్లు, జగదల్‌పూర్‌లో ఉద్యోగాలు చేసుకునే మాస్టార్లు ఎక్కేవారు. తెల్లారి విశాఖలో బయల్దేరే ఆ బండికే 2017 ఏప్రిల్ 16న అద్దాల కోచ్ తగిలించారు. పెరంబూరులో తయారైంది, 40 సీట్లు, పైకప్పు కూడా అద్దమే. దేశంలో అలాంటి కోచ్ అదే మొదటిది. జనం ఎగబడేసరికి తర్వాత ఇంకొన్ని తగిలించారు. అంటే మీరెక్కింది టూరిస్టు ట్రైను కాదు, ఊళ్లవాళ్ల ప్యాసింజరుకి వెనక కట్టిన అద్దాల గది. ఏజెంటు మీకు ఆ ముక్క చెప్పలేదు.

లైనేమో చాలా చోట్ల ఒంటి లైను. ఎదురుబండి వస్తుంటే ఒకరు స్టేషన్ లూపులో పక్కకి తప్పుకోవాలి. దీన్నే క్రాసింగ్ అంటాం. కింద నుంచి ఎక్కే బండిని ఎక్కడైనా ఆపొచ్చు. పై నుంచి నాలుగున్నర వేల టన్నులతో దిగే లోడుని ఆపి, మళ్లీ వదిలి, మళ్లీ పట్టుకోవడం కంటే దాని మానాన దాన్ని దిగనిచ్చేయడమే అందరికీ క్షేమం. నేను చూసినంతకాలం అలాగే చేసేవారు. రెండో లైను పనులు సాగుతున్నాయి, ముక్కలు ముక్కలుగా తెరుస్తున్నారు. అది పూర్తయితే మీ నలభై నిమిషాలు మిగులుతాయి.

మళ్లీ వెళ్తే మాత్రం, ఆ స్టేషన్‌లో ఆగినప్పుడు పిల్లల చేతుల్లోంచి ఫోన్లు తీసేసి ఆ ఎర్ర బండిని చూపించండి. ఎంత సేపు పడుతుందో, ఎన్ని వ్యాగన్లో లెక్క పెట్టమనండి. గోల చెయ్యరు.

ప్రశ్న: తాతగారూ, నేను తొమ్మిదో తరగతి. మా ఇల్లు లైను పక్కనే. ఎర్ర రాయి వ్యాగన్లు ఎప్పుడు చూసినా సగం కూడా నిండి ఉండవు. బ్రిడ్జి మీద నుంచి చూస్తే అడుగున రెండు కుప్పలే కనిపిస్తాయి. సగం ఖాళీగా ఎందుకు తీసుకెళ్తున్నారు? మా సైన్సు మాస్టారు "లంచం తిని దింపేసి ఉంటారు" అన్నారు. - ఒక విద్యార్థి, ఎల్.కోట

జవాబు: మీ మాస్టారికి నా నమస్కారాలు చెప్పు, ఆ తర్వాత ఈ లెక్క చూపించు.

ఆ పెట్టెల పేరు బాక్స్-ఎన్. లోపల చోటు సుమారు 56 ఘనపు మీటర్లు. అది మోయడానికి చేసిన బరువు 58.8 టన్నులు. ఆ తర్వాత కొంచెం పెంచారులే, నీ లెక్కకి ఇది చాలు. పగలగొట్టిన ఇనుప రాయి ఘనపు మీటరుకి దాదాపు రెండున్నర టన్నులు తూగుతుంది. 58.8ని రెండున్నరతో భాగించు. 23 చిల్లర. అంటే 56 పట్టే పెట్టెలో 23 వేసేసరికి బరువు సరిపోయింది. బొగ్గయితే అంచు దాకా వస్తుంది, రాయి అయితే అడుగునే ఉంటుంది. రెండు కుప్పలెందుకంటే, కింద ముందో జత వెనకో జత చక్రాలున్నాయి కదా, బరువు వాటి మీద సమంగా పడాలి.

గోడలు పొట్టిగా ఉండే వ్యాగన్లు కూడా నీకు కనిపిస్తాయి. వాటిని బాయ్ అంటారు, రాయి కోసమే చేసినవి. ఎలాగూ నిండని గోడలకి అంత ఇనుము దండగ కదా.

ఇంకొకటి. ఇవి పోర్టుకి వెళ్లాక ఎలా దించుతారో తెలుసా? పారలతో కాదు. టిప్లర్ అని ఒక యంత్రం ఉంటుంది. వ్యాగన్‌ని పట్టాలతో సహా గట్టిగా పట్టుకుని బోర్లా తిప్పేస్తుంది, అమ్మ పప్పు డబ్బా చాటలో ఒంపినట్టు. నేను సర్వీసులో చేరిన కొత్తలో దాన్ని మొదటిసారి చూసి, భోజనం చెయ్యడం మరిచిపోయి అక్కడే నిలబడ్డాను.

ప్రశ్న: ప్రకటనలో 58 సొరంగాలు అన్నారు. మా బాబు నోట్‌బుక్‌లో గీతలు పెట్టి మరీ లెక్కించాడు. అరకు చేరేసరికి 58 రాలేదు. వాడు ఏడుపు. తప్పు వాడిదా, ప్రకటనదా? - రాజమహేంద్రవరం

జవాబు: బాబుది కాదు. 58 అన్నది కిరండూల్ దాకా మొత్తం లైనుకి చెప్పే లెక్క. అరకు దాటాక ఒడిశాలో కోరాపుట్, జైపూర్ ఘాట్ ఒకటుంది, అందులోనూ సొరంగాలున్నాయి. మీరు మధ్యలో దిగిపోయి పూర్తి లెక్క అడిగితే ఎలా? వచ్చేసారి చివరిదాకా వెళ్లండి. భద్రత కారణాల వల్ల ఒక్కోసారి బండిని దంతెవాడలోనే ఆపేస్తుంటారు, బయల్దేరే ముందు కనుక్కోండి.

ప్రశ్న: అరకు దారిలో వచ్చే శిమిలిగుడ దేశంలోకెల్లా ఎత్తయిన బ్రాడ్‌గేజ్ స్టేషన్ అని మా మామయ్య. కాదని నేను. వెయ్యి రూపాయల పందెం. - విజయనగరం

జవాబు: మామయ్య దగ్గర వెయ్యి పుచ్చుకోండి, కానీ ఐదొందలు తిరిగిచ్చేయండి. ఎందుకంటే ఆయన చెప్పింది చాలా ఏళ్లు నిజం. స్టేషన్ బోర్డు మీదే 996.32 మీటర్లని రాసి ఉండేది. దశాంశాలతో సహా ఇప్పటికీ నాకు నోటికొచ్చు. 2008లో కాశ్మీర్ లోయలో బండి నడిచాక ఆ ముచ్చట తీరిపోయింది, అక్కడి స్టేషన్లన్నీ ఇంతకన్నా ఎత్తే. మన దేశం అనకుండా ఉపఖండం అంటే, క్వెట్టా దారిలో కోల్‌పూర్ అని ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న స్టేషన్ ఆంగ్లేయుల కాలం నుంచే దీన్ని మించి ఉంది.

అయితే, కొత్తవలస మైదానంలో బయల్దేరి పొద్దున్న పది దాటేసరికి అంత ఎత్తుకి ఎక్కడం ఇప్పటికీ చిన్న విషయం కాదు. డిసెంబరు రాత్రుళ్లు శిమిలిగుడలో సిగ్నల్ కోసం బ్రేక్‌వ్యాన్‌లో కూర్చుంటే తెలిసేది. కిటికీకి తలుపుండేది కాదు. రెండు స్వెట్టర్లు, పైన రెయిన్‌కోటు, ఆ పైన మా ఆవిడ కుట్టిన బొంత కప్పుకునేవాణ్ని.

ప్రశ్న: అన్నయ్య గారూ, మా ఆయన కేకే లైన్లో లోకో పైలట్. ఆయన లోడు దింపుతున్నారంటే నాకు రాత్రంతా నిద్ర ఉండదు. బ్రేకులు పట్టకపోతే? ఆయన్ని అడిగితే "ఏం కాదులే పడుకో" అంటారు. మీరైనా విడమర్చి చెప్పండి. - కంచరపాలెం

జవాబు: అమ్మా, మా ఇంట్లో కూడా ఇదే ప్రశ్న, నాదీ అదే జవాబు. మగాళ్లకి అంతకన్నా చేతకాదు. ఇప్పుడు కూర్చుని చెబుతాను.

ఘాట్‌లో వాలు అరవైకి ఒకటి. అంటే అరవై మీటర్లు ముందుకెళ్తే ఒక మీటరు దిగుతాం. రోడ్డు మీదయితే ఇది అసలు వాలే కాదు, మీ స్కూటర్ కూడా గుర్తుపట్టదు. ఇనుప చక్రం ఇనుప పట్టా మీద నడుస్తుంది కాబట్టి, దానికిది కొండ. అందుకని రెండు రకాల బ్రేకులుంటాయి. ఒకటి గాలి బ్రేకు. ఇంజన్ నుంచి చివరి వ్యాగన్ దాకా గొట్టంలో గాలి ఒత్తిడితో ఉంటుంది. ఆ ఒత్తిడి ఉన్నంతసేపే బ్రేకులు వదులుగా ఉంటాయి. గొట్టం ఎక్కడ తెగినా, వ్యాగన్ ఊడినా, ఒత్తిడి పడిపోయి బ్రేకులు వాటంతట అవే పడతాయి. చెడిపోతే ఆగిపోయేలా చేశారు, చూశారా, దాని తెలివి అక్కడుంది. బయల్దేరే ముందు ప్రతి రేక్‌కీ, అంటే వ్యాగన్ల వరస మొత్తానికీ, బ్రేక్ పవర్ సర్టిఫికెట్ అని కాగితం ఇస్తారు. అది చేతిలో లేనిదే మీ ఆయన హ్యాండిల్ ముట్టుకోరు.

రెండోది ఇంజన్‌లోనే ఉంటుంది. దిగేటప్పుడు మోటార్లు బండిని లాగవు, బండే మోటార్లను తిప్పుతుంది. అప్పుడవి జనరేటర్లయి బండిని వెనక్కి పట్టుకుంటాయి. నేను చేరేసరికి లైను కొత్తగా కరెంటుకి మారింది. ఇంజన్లు మూడేసి జతగా కట్టేవారు. అలా పుట్టిన కరెంటుని ఇంజన్ మీదే వేడి చేసి గాల్లోకి వదిలేసేవారు, ఘాట్ దిగిన ఇంజన్ పక్కన నిలబడితే ఇటుకల బట్టీ దగ్గరున్నట్టే ఉండేది. ఇప్పటి కొత్త ఇంజన్లు ఆ కరెంటుని తిరిగి పై తీగలోకి పంపిస్తాయి. కొండ దిగే రాయి ఇచ్చిన కరెంటుతో అదే సమయంలో వేరే బండి కొండ ఎక్కొచ్చు. ఈసారి మీ ఆయన రాత్రి డ్యూటీలో ఉంటే, ఆయన బ్రేకు వేసినప్పుడల్లా ఎవరో ఒకరి బండి పైకి వెళ్తోందని అనుకోండి.

భయపడాల్సింది బ్రేకులకి కాదు, వానకి. ఆ కొండల రాయిని ఖోండలైట్ అంటారు, అక్కడి ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టిన పేరు. వయసైన ఖోండలైట్ నాని మెత్తబడిందంటే చరియలు జారతాయి. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరులో విశాఖని ఊడ్చేసినప్పుడు మా లైను కూడా దెబ్బతింది.

ఓ ఆగస్టు రాత్రి సంగతి చెబుతాను. ఖాళీ రేకుతో ఎక్కుతున్నాం. త్యాడ దాటి చిమిడిపల్లి చేరలేదు. జోరున వాన. ఉన్నట్టుండి బండి ఆగింది. వాకీటాకీలో డ్రైవర్ "గార్డు గారూ, ఎర్ర లైటు ఊపుతున్నాడెవడో" అన్నాడు. పెట్రోల్‌మన్. వానాకాలం రాత్రుళ్లు పట్టాల వెంట దీపం పట్టుకుని నడుస్తూ చూసుకునే మనిషి. మా ఇంజన్‌కి ఎదురుగా మలుపు వెనక పట్టాల మీద మంచమంత బండరాళ్లు పడి ఉన్నాయి, అతను చూసి పరుగెత్తుకొచ్చాడు. మేం అతన్ని చూడకుండా ఇంకో నిమిషం ముందుకెళ్లి ఉంటే ఈ శీర్షిక వేరేవాళ్లు రాసేవారు.

అప్పుడు గార్డు పనేమిటంటే, వెనక నుంచి ఏదీ వచ్చి గుద్దకుండా కాపలా పెట్టాలి. వెనక్కి 600 మీటర్లు నడిచి పట్టా మీద ఒక డిటొనేటర్, 1200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల ఎడంతో మూడు. చక్రం ఎక్కితే టపాకాయలా పేలుతుంది, డ్రైవర్ ఆపేస్తాడు. చదవడానికి ఒక వాక్యం. నడవడానికి నాకు మధ్యలో ఒక సొరంగం వచ్చింది. లోపల మోకాలి దిగువ దాకా నీళ్లు, పైన గబ్బిలాలు, చేతిలో టార్చి, అదీ చచ్చిపోతూ బతుకుతూ. ఆంజనేయ దండకం మధ్యలో మరిచిపోతే మళ్లీ మొదటి నుంచి అందుకున్నాను. తిరిగొచ్చేసరికి పెట్రోల్‌మన్ నా బ్రేక్‌వ్యాన్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పాతికేళ్లు కూడా ఉండవు, అక్కడి కొండ ఊరివాడే. ప్లాస్టిక్ సీసాలో రాగి అంబలి తెచ్చుకున్నాడు. చెరి సగం తాగాం. తెల్లారే దాకా అతను మాట్లాడింది ఒకే విషయం: వాళ్ల ఆవు ఈనిందో లేదో. నా టిఫిన్ క్యారియర్ ఏదని అడగకండి, హడావుడిలో దిగుతూ కాలు తగిలి లోయలో పడేశాను.

మీ ఆయన ముందుండి బండి నడుపుతున్నారంటే, ఆయన ముందు అలా దీపం పట్టుకుని ఇంకొకరు నడుస్తున్నారు. పడుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి డెన్వర్‌లో ఉంటాడు. ఈ వేసవికి వెళ్తున్నాం. అక్కడ డురాంగో-సిల్వర్‌టన్ అని గనుల కాలం నాటి ఆవిరి రైలుందట, ఎక్కిస్తానంటున్నాడు. మీరు ఆ మధ్య అమెరికా వెళ్లినప్పుడు చూశారని రాశారు. వయసు 66, మోకాళ్ల నొప్పులు. వెళ్లొచ్చా? - విశ్రాంత ఉపాధ్యాయుడు, కూకట్‌పల్లి

జవాబు: తప్పకుండా వెళ్లండి మాస్టారూ. కానీ డెన్వర్ పక్కనే అనుకోకండి. మా అల్లుడు కారు నడిపితే డురాంగో చేరడానికి ఆరేడు గంటలు పట్టింది. ముందు రాత్రి అక్కడే ఉండి పొద్దున్న బండెక్కండి.

అది మన కేకే లైనుకి పెద్దనాన్న వరస. వెండి కోసం వేసిన దారి. కొలరాడోలో శాన్ వాన్ కొండల్లో సిల్వర్‌టన్ గనులున్నాయి. డెన్వర్ అండ్ రియో గ్రాండ్ రైల్వే వాళ్లు 1880లో డురాంగో ఊరినే కొత్తగా వేసుకుని, అక్కడి నుంచి ఆనిమస్ నది లోయ వెంట 45 మైళ్ల లైను 1882 జులై కల్లా గనుల దగ్గరికి చేర్చారు. పట్టాల మధ్య ఎడం మూడడుగులే. మన పాత నౌపడా-గుణుపురం చిన్న బండి ఎక్కినవాళ్లకి తెలుస్తుంది, అది రెండున్నర అడుగులుండేది, దానికన్నా ఇది అరడుగు ఎక్కువ. కొండ అంచున మలుపులు తిప్పాలంటే సన్నటి దారే వీలు. పదకొండేళ్లు గడిచాయో లేదో, 1893లో అమెరికా ప్రభుత్వం వెండి కొనడం ఆపేసింది. ధర కుప్పకూలింది, గనులు ఒక్కొక్కటే మూతబడ్డాయి. బండి మాత్రం ఎలాగో బతికి, చూడ్డానికొచ్చే జనం మీద ఆధారపడి ఇవాళ్టికీ నడుస్తోంది. మన దగ్గర రాయి ఉంది కాబట్టి బండి ఉంది. అక్కడ రాయి పోయింది, దారి మిగిలింది. నాలాంటివాడికి ఆ తేడా చూస్తే కడుపులో ఏదోలా ఉంటుంది.

ఇంజన్లు మాత్రం కళ్లకద్దుకోవచ్చు. 1923లో చేసిన పదింటిలో మూడు ఇంకా అక్కడున్నాయి: 473, 476, 478. మిగతా ఏడింటినీ యుద్ధకాలంలో, 1942లో, సైన్యం అలాస్కా వైపు పట్టుకుపోయింది. 1925 నాటి పెద్దవి కూడా ఉన్నాయి. మొన్నమొన్నటి దాకా బొగ్గే, ఫైర్‌మన్ పారతో ఎగదోస్తూ ఉండేవాడు. 2018 జూన్‌లో ఆ పక్కనే అడవి అంటుకుని 54 వేల ఎకరాలు కాలిపోయింది. ఆవిరి ఇంజన్ నిప్పురవ్వే కారణమని ప్రభుత్వం దావా వేసింది, 2022లో 2 కోట్ల డాలర్లకి రాజీ కుదిరింది. ఇప్పుడు నూనెతో మండే ఇంజన్లకి మారారు. నేను వెళ్లేసరికి నూనె వాసనే. పొగ వాసన కోసం అంత దూరం వెళ్లిన నన్ను చూసి అల్లుడు నవ్వాడు.

మీ మోకాళ్ల సంగతి. ఎక్కడానికి మెట్లు, చెయ్యి పట్టుకోవడానికి మనుషులు ఉన్నారు, ఇబ్బంది లేదు. ఎత్తుతోనే జాగ్రత్త. డురాంగో 6,512 అడుగులు, సిల్వర్‌టన్ 9,318. మన శిమిలిగుడకి దాదాపు మూడింతలు. దిగగానే చకచకా నడవకండి, ఆయాసం వస్తుంది. బీపీ మాత్రలు, స్వెట్టరు, నీళ్లు చేతిలో ఉండాలి. వెళ్లడానికే మూడున్నర గంటలు పడుతుంది. వెళ్లేటప్పుడు కుడివైపు కూర్చోండి, రాక్‌వుడ్ దాటాక బండి కొండ అంచున గట్టు మీద నడుస్తుంది, కింద వందల అడుగుల లోతులో ఆకుపచ్చ నది. పులిహోర కట్టుకెళ్లండి, మేం అదే చేశాం. పక్క సీటు అమెరికా ఆవిడకి పెడితే, కరివేపాకులు ఏరకుండా తినేసింది.

ఆ నది గురించి కూడా ఒక్క మాట. పూర్తి పేరు స్పానిష్‌లో తప్పిపోయిన ఆత్మల నది అని. 2015 ఆగస్టులో పాత గోల్డ్ కింగ్ గనిలో నిలవున్న నీళ్లు తెంచుకుని ఆనిమస్ అంతా నారింజ రంగుకి తిరిగింది. గని మూసి ఎన్నో ఏళ్లయినా దాని నీళ్లు మిగిలే ఉన్నాయన్నమాట. నాకు వెంటనే దంతెవాడ శంఖిని నది గుర్తొచ్చింది. నేను మొదటిసారి చూసినప్పుడే ఎర్రగా ఉంది. ఆ నీళ్లు చూపించి, రన్నింగ్ రూమ్ (బండి సిబ్బంది విశ్రాంతి గది) వంటవాడు "మా చిన్నప్పుడు ఇందులో చేపలు కనపడేవి సార్" అన్నాడు. అద్దాల కోచ్ అంత దూరం నుంచి ఆ రంగు చూడలేదు.

ప్రశ్న: మా ఇల్లందు కూడా గనుల ఊరే కదా. మాకూ ఇలా ఒక చూసే రైలు ఎందుకు వెయ్యరు? - ఇల్లందు

జవాబు: న్యాయమైన మాట. తెలుగు నేల మీద గని కోసం వేసిన రైలు దారుల్లో మీదే పెద్దది, వయసులో. 1871లో కింగ్ దొర బొగ్గు ఉందని కనిపెట్టాడు, 1889లో తవ్వకం మొదలైంది, నిజాం రైల్వే డోర్నకల్ నుంచి దారి వేసింది. పేరు సింగరేణిది, గనేమో ఇల్లందులో. ఆ ముక్క చెప్పి చెప్పి మీ ఊరివాళ్లకి విసుగొచ్చి ఉంటుంది. వెయ్యడం వెయ్యకపోవడం నా చేతిలో లేదు. నా చేతిలో ఉంటే ఇంజన్ ఎప్పుడో తుడిపించి పెట్టేవాణ్ని.

ప్రశ్న: అరకు వెళ్లేటప్పుడు ఏ వైపు సీటు తీసుకోవాలి? ఒక్కొక్కళ్లు ఒక్కోలా చెబుతున్నారు. ఇంకోటి, గూడ్సు బండి చివర పసుపుపచ్చ బోర్డు మీద రెండు ఇంగ్లీషు అక్షరాలుంటాయి, ఏమిటవి? - ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: అద్దాల కోచ్‌లో అయితే మీ సీటే గుండ్రంగా తిరుగుతుంది, తగాదా లేదు. మామూలు పెట్టెలో అయితే ఏ వైపు దొరికితే ఆ వైపు. కాకపోతే బొర్రా గుహలు స్టేషన్ వచ్చినప్పుడు కాళ్ల కింద ఒకసారి తలుచుకోండి, పట్టాలు ఆ గుహల పైనుంచే వెళ్తాయి.

ఆ బోర్డు మీద అక్షరాలు ఎల్ వీ. లాస్ట్ వెహికల్ అని, ఇదే ఆఖరి పెట్టె అని అర్థం. స్టేషన్‌లో మనిషి అది చూసుకుంటేనే బండి మధ్యలో తెగకుండా మొత్తం వచ్చిందని లెక్క. ఆ బోర్డు ఉన్న పెట్టెలోనే నేను ఉద్యోగం చేశాను. మీ బండి క్రాసింగ్‌లో ఆగి, ఎర్ర గూడ్సు మొత్తం దాటాక, ఆఖర్న బ్రేక్‌వ్యాన్ వరండాలో ఒక మనిషి పచ్చజెండా పట్టుకుని నిలబడి ఉంటే చెయ్యి ఊపండి. ఇప్పుడు వాళ్లని ట్రైన్ మేనేజర్ అంటున్నారు. అతను రాత్రి నుంచీ ఎవరితోనూ మాట్లాడి ఉండడు. తప్పకుండా తిరిగి ఊపుతాడు, నేను ఊపేవాణ్ని.